ఇంగ్లీషు పుస్తకంలో మొదటి పేజీ

(ప్రభుత్వ పాఠశాలల ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

నేను పాఠాలు చెప్పినదాన్ని కాదు. 31 ఏళ్ళు జిల్లా కోర్టుల్లో అనువాదకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. తెలుగులో ఉన్న దస్తావేజులు, ఉత్తరాలు, వాంగ్మూలాలు ఇంగ్లీషులోకి మార్చడం నా ఉద్యోగం. ఈ పనికి మీకు పునాది ఎక్కడ పడిందో మా ఉపాధ్యాయులకు చెప్పండని నిర్వాహకులు అడిగారు. నేను వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. పునాది పడిన గది, పడిన సంవత్సరం, ఆ రోజు బల్ల మీద తెరిచి ఉన్న పేజీ కూడా నాకు గుర్తున్నాయి. 1976 జూన్. కృష్ణా జిల్లా దివి తాలూకాలో ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతి. ఆ పేజీలో ఉన్నది పాఠం కూడా కాదు. పాఠాలన్నిటికంటే ముందు అచ్చు వేసే ప్రతిజ్ఞ.

అప్పటికి మాకు ఇంగ్లీషు వచ్చి మూడేళ్ళు. ఆరో తరగతిలో అక్షరాలతో మొదలుపెట్టాం. ఎనిమిదో తరగతి దాటేసరికి ప్రశ్న వినగానే జవాబు అప్పజెప్పగలిగేవాళ్ళం. ఆ జవాబులో ఒక్క మాట మార్చి అడిగితే మాత్రం నోరు పెగిలేది కాదు. పుస్తకంలో ఒక వాక్యం చదవడం, దాని అర్థం తెలుగులో చెప్పించుకోవడం, ఆ అర్థాన్ని పెన్సిలుతో వరుసల మధ్య రాసుకోవడం, ఇంగ్లీషు అంటే మాకు అదే. అర్థం రాసుకున్నాక ఇక ఆ ఇంగ్లీషు వాక్యం వైపు చూసే పని ఉండేది కాదు.

ఆ ఏడాది బదిలీ మీద కొత్త మాస్టారు వచ్చారు. మొదటి రోజు క్లాసులోకి రాగానే ఇంగ్లీషు పుస్తకంతో పాటు తెలుగు వాచకం కూడా బయటికి తీయమన్నారు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టించి, రెండింట్లోనూ ప్రతిజ్ఞ ఉన్న పేజీ తెరవమన్నారు. రోజూ ప్రార్థనలో అప్పజెప్పేదే కనుక తెలుగు ప్రతిజ్ఞ మాకు కంఠస్థం. అంతగా నోటికొచ్చిన దాన్ని అంతవరకు ఎవరమూ చదవలేదని ఆ గంటలోనే తెలిసింది.

"మొదటి రెండు వాక్యాలూ రెండు భాషల్లోనూ చూడండి. ఎవరు తప్పిపోయారు, ఎవరు కొత్తగా వచ్చారు?" అని అడిగారు.

తెలుగులో "భారతదేశం నా మాతృభూమి. భారతీయులందరూ నా సహోదరులు" అని ఉంది. ఇంగ్లీషులో ఇండియా నా దేశం అనే అర్థంలో "కంట్రీ" అన్న మాట ఉంది. రెండో వాక్యంలో సహోదరులకు బదులు "బ్రదర్స్", "సిస్టర్స్" అని విడివిడిగా ఉన్నాయి. చాలాసేపటికి వెనక బెంచీలో నుంచి ఒక కుర్రవాడు లేచి, "అమ్మ తప్పిపోయింది, మాస్టారూ" అన్నాడు. ఆడపిల్లల వైపు నుంచి ఇంకొకరు, "అక్కచెల్లెళ్ళు వచ్చారు" అన్నారు.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. నల్లబల్ల మీద "సహోదరులు" అని రాసి, సహ, ఉదర అని విడదీశారు. ఒకే కడుపున పుట్టినవాళ్ళు. "మొదటి వాక్యంలో నేలను తల్లి అన్నాడు కాబట్టి రెండో వాక్యంలో అందరూ ఒకే కడుపు బిడ్డలయ్యారు. ఈ రెండు వాక్యాలూ ఒకదాని వేలు ఒకటి పట్టుకుని నడుస్తున్నాయి. ఇంగ్లీషులో అమ్మ పోయింది కనుక ఆ వేలు వదిలిపోయింది. అయితే ఇంగ్లీషు చేసినవాళ్ళు ఇంకో మంచి పని చేశారు. సహోదరులు అన్నప్పుడు మగపిల్లలే మనసులో మెదిలే ప్రమాదం ఉంది. వాళ్ళు ఆడపిల్లలను పేరు పెట్టి పిలిచారు."

నాకు పద్నాలుగేళ్ళు. రెండేళ్ళుగా ప్రతి ఉదయం చెయ్యి చాచి చెబుతున్న మాటల్లో ఇంత ఉందా అని ఆశ్చర్యపోయాను. ఆ రోజు ఇంటికి వెళ్ళి అమ్మకు ఈ సంగతి చెప్పాను. అమ్మకు చదువు రాదు. పొయ్యి ముందు కూర్చుని విని, "అయితే ఆ ఇంగ్లీషులో నేను లేనన్నమాట" అంది.

మరుసటి రోజు మాస్టారు "నా" అన్న ఒక్క అక్షరం మీద గంటంతా గడిపారు. మనం ఇల్లు చెప్పేటప్పుడు ఏమంటాం? మా ఇల్లు. ఊరు చెప్పేటప్పుడు? మా ఊరు. అమ్మను చెప్పేటప్పుడు ఇంట్లో ఒక్కతే కూతురైనా మా అమ్మ అనే అంటుంది. నా ఊరు, నా ఇల్లు అని తెలుగులో ఎవరైనా అంటే వినేవాళ్ళకు కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, ఈయన ఒక్కడిదేనా ఊరు అనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఇలాంటి చోట్లన్నిటా "మై" అంటారు. మరి ప్రతిజ్ఞ తెలుగులోనే రాసినవాడు, తెలుగు అంత బాగా తెలిసినవాడు, మా దేశం అనకుండా నా దేశం అని ఎందుకన్నాడు?

రకరకాలుగా చెప్పాం. మాస్టారు ఏదీ కాదనలేదు. చివరికి ఆయన అన్నది ఇది: "మా అన్నప్పుడు నలుగురిలో ఒకణ్ణి. ఎవరో ఒకరు చేస్తారులే అనుకోవచ్చు. ప్రతిజ్ఞ గుంపుగా నిలబడి చేస్తాం, కానీ ఎవరి ప్రతిజ్ఞ వాళ్ళదే. అందుకే అలవాటైన మాటను పక్కన పెట్టి నా అన్నాడు."

నేను కోర్టులో చేరిన కొత్తల్లో ఒక సాక్షి బోనెక్కి ప్రమాణం చేయడం మొదటిసారి విన్నప్పుడు ఈ మాట గుర్తొచ్చింది. కుటుంబమంతా కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చుని ఉంటారు. ఊళ్ళో సగం మంది వచ్చి ఉంటారు. బోనులోకి మాత్రం ఒక్కరే వెళ్ళాలి, "అంతా నిజమే చెబుతాను" అని ఏకవచనంలోనే చెప్పాలి.

ఆ మాస్టారికి ఒక ప్రశ్న ఉండేది. ఏ వాక్యం రాయించినా, ఏ పాఠం చదివించినా ఆ ప్రశ్న వేయకుండా ముందుకు కదిలేవారు కాదు. "ఈ వాక్యంలో ఎవరున్నారు?" వ్యాకరణమంతా ఆయనకు ఆ ప్రశ్నలోనే ఉండేది. కర్త, కర్మ అనే పేర్లు తర్వాత చెప్పేవారు.

మేము, మనం అనే రెండు మాటలకు ఇంగ్లీషులో ఉన్నది ఒక్కటే, "వుయ్". ఈ తేడా చెప్పడానికి ఆయన మమ్మల్ని రెండు జట్లుగా నిలబెట్టారు. ఒక జట్టు రెండో జట్టుతో, "మనం తిరునాళ్ళకు వెళుతున్నాం" అనాలి. తర్వాత "మేము తిరునాళ్ళకు వెళుతున్నాం" అనాలి. మొదటి మాటకు రెండో జట్టు పిల్లలు ముందుకు జరిగారు, రెండో మాటకు ఆగిపోయారు. తర్వాత అదే మాట ఇంగ్లీషులో చెప్పించారు. ఎవరు కదలాలో, ఎవరు ఆగాలో తెలియక అందరూ నిలబడి ఉండిపోయారు. ఆ రోజు ఆ గదిలో నవ్వని పిల్లలు లేరు. నేను మాత్రం నవ్వుతూనే ఒక విషయం పట్టుకున్నాను. మన భాషలో ఒక తలుపు ఉంది, అది ఇంగ్లీషు ఇంటికి లేదు. అనువాదం చేసేవాడు ఆ తలుపు తెరిచి ఉందో మూసి ఉందో వేరుగా చెప్పాలి.

కొన్ని పాఠాలు తొందరగానే అయిపోయాయి, అవీ మేలే చేశాయి. "నా దేశాన్ని ప్రేమిస్తున్నాను" అన్న వాక్యాన్ని పుస్తకం మూసి ఇంగ్లీషు చేయమంటే మేమంతా చివర "ఇంగ్" చేర్చి రాశాం. పుస్తకంలో వట్టి "లవ్" ఉంది. మీ క్లాసుల్లోనూ పిల్లలు ఇదే రాస్తారని నాకు తెలుసు. అది తెలివితక్కువతనం కాదు. మన "తున్నాను" రెండు పనులు చేస్తుంది. అన్నం తింటున్నాను అంటే ఇప్పుడు జరుగుతున్నది, విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను అంటే స్థిరంగా ఉన్నది. ఇంగ్లీషు ఆ రెండింటినీ వేరుచేస్తుంది, ప్రేమ లాంటివాటిని స్థిరమైన వాటి వైపు పెడుతుంది. తప్పు అని ఎర్రసిరా పెట్టే ముందు ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో మాస్టారు మాకు చూపించారు.

ఆ తర్వాతి వాక్యం "నా దేశ వారసత్వ సంపద నాకు గర్వకారణం". ఇంగ్లీషులో అదే వాక్యం "ఐ"తో మొదలవుతుంది. మనకు ఆకలి వేస్తుంది, చలి వేస్తుంది, కోపం వస్తుంది, ఒకటి నచ్చుతుంది, ఒకటి తెలుస్తుంది. ఇవన్నీ నాకు జరిగేవి. ఇంగ్లీషులో ఆ మనిషి లేచి వాక్యం తలలో నిలబడాలి. కోర్టులో ఒక ముద్దాయి "నాకు కోపం వచ్చింది, కొట్టాను" అన్నప్పుడు నేను కాసేపు కలం ఆపాను. మొదటి సగంలో అతను కోపాన్ని అందుకున్నవాడు, రెండో సగంలో చేసినవాడు. ఆ రెండు మెట్లూ ఇంగ్లీషులో కనిపించేలా రాయడానికి నేను పడిన శ్రమ ఆ తొమ్మిదో తరగతి గది నుంచి వచ్చింది.

ఇక్కడున్న సోదరీమణుల కోసం ఇంకొక సంగతి చెబుతాను. "షి", "ఇట్" అనే మాటలు నేర్పుతున్న రోజు మా పక్కబెంచీ అమ్మాయి లేచి అడిగింది. "మాస్టారూ, ఆమె వచ్చింది అంటాం, ఆవు వచ్చింది అంటాం. అతను మాత్రం వచ్చాడు. ఎందుకలా?" గది నిశ్శబ్దమైంది. ఆ రోజుల్లో ఆడపిల్లలు క్లాసులో లేచి ప్రశ్న అడగడమే అరుదు. మాస్టారు ఆమెను కూర్చోమనలేదు. నల్లబల్ల మీద నాలుగు వాక్యాలు రాశారు. ఆమె వచ్చింది. ఆవు వచ్చింది. ఆడవాళ్ళు వచ్చారు. ఆవులు వచ్చాయి. "చూశారా, ఒంటరిగా ఉన్న ఆడమనిషిని ఆవుతో కలిపిన భాష, నలుగురు చేరేసరికి మనుషుల్లో కలిపింది" అన్నారు. తమిళంలోనూ కన్నడంలోనూ ఆమెకు క్రియలో వేరే ముగింపు ఉందని, మనకు లేదని చెప్పారు. ఎందుకు లేదో భాషాశాస్త్రవేత్తలను అడగాలి కానీ, ఇలా ఉందని గమనించినది మాత్రం నువ్వేనమ్మా అని ఆ అమ్మాయిని మెచ్చుకున్నారు. ఇంగ్లీషు క్లాసులో తెలుగు గురించి అంత మంచి ప్రశ్న పుట్టింది. తెలుగు క్లాసులో అది పుట్టే వీలే లేదు, ఎందుకంటే అక్కడ పోల్చి చూసుకోవడానికి పక్కన ఇంకో భాష లేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడం నాకు తేలిక కాదు. కానీ అది లేకుండా ఆ క్లాసు గురించి చెప్పడం కుదరదు.

మేము పదో తరగతిలో ఉండగా, 1977 నవంబరు 19, శనివారం, ఉప్పెన వచ్చింది. దివిసీమ పేరు వినగానే పెద్దవాళ్ళందరికీ గుర్తొచ్చేది అదే. సముద్రం పక్క పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు పది వేలు దాటారు. మా ఊరు కొంచెం ఎగువన ఉండటం వల్ల నీరు మమ్మల్ని ముంచలేదు, గాలి మాత్రం పైకప్పులు ఎత్తుకుపోయింది. బడి పెంకులు పోయాయి. తీరం పల్లెల నుంచి వచ్చి హాస్టలులో ఉండి చదువుకునే పిల్లలు మా క్లాసులో కొందరు ఉండేవాళ్ళు. వాళ్ళు బతికారు. వాళ్ళ ఇళ్ళు మిగల్లేదు.

దేశం నలుమూలల నుంచి సహాయానికి మనుషులు వచ్చారు. చాలామందికి తెలుగు రాదు. మాస్టారు మాలో ఇంగ్లీషు కాస్త వచ్చినవాళ్ళను ఐదారుగురిని సాయంత్రాలు సహాయ శిబిరానికి తీసుకువెళ్ళేవారు. అడిగింది తెలుగులో చెప్పడం, చెప్పింది ఇంగ్లీషులో అందించడం మా పని. హాస్టలు కుర్రవాడు ఒకడు మాతో వచ్చాడు. ఒక స్వచ్ఛంద సేవకుడు చేతిలో పుస్తకం పట్టుకుని అతన్నే అడిగాడు, మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారని. ఆ కుర్రవాడు మనసులో "మా తమ్ముడు పోయాడు" అనుకుని, దాన్ని మాటకు మాట ఇంగ్లీషులో చెప్పాడు. తమ్ముడు వెళ్ళాడు అని అర్థం వచ్చింది. ఆ సేవకుడు తల ఊపి, ఎక్కడికి వెళ్ళాడు అని అడిగాడు. రాసుకోవడానికి కలం పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

ఆ కుర్రవాడు జవాబు చెప్పలేదు. మా దగ్గరా మాట లేదు. మాస్టారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. ఆ సేవకుడితో ఒక్క మాట చెప్పారు. అతను కలం మూసేశాడు.

మర్నాడు బడి వరండాలో క్లాసు. నల్లబల్ల లేదు, గోడ మీద బొగ్గుతో రాశారు. చనిపోవడాన్ని మనం తెలుగులో ఎన్ని రకాలుగా చెబుతామో అడిగారు. పోయాడు. కాలం చేశారు. కన్నుమూశారు. దక్కలేదు. దూరమయ్యాడు. ఆ గోడ నిండిపోయింది. ఆ వారం మా ఊళ్ళలో ఆ మాటలన్నీ నిజంగానే వినపడుతున్నాయి. మాస్టారు మెల్లగా చెప్పారు. "మన మాటలు మెత్తగా ఉన్నాయి. దుఃఖంలో ఉన్న మనిషికి తగలకుండా ఉండటానికి పెద్దలు వాటిని అలా చేశారు. కానీ అవతల కాగితం మీద రాసుకునే మనిషికి ఆ మెత్తదనం అందకపోతే మన మనిషి లెక్కలోకి రాడు. అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పేరు చెప్పాలి. వయసు చెప్పాలి."

ఆ కుర్రవాడు ఆ రోజు తన నోటుపుస్తకంలో ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాశాడు. తమ్ముడి పేరు, వయసు, ఏ రోజు ఏ పల్లెలో చనిపోయాడో. ఎవరి దగ్గరా చూడకుండా, గైడులో లేకుండా మా క్లాసులో ఒక పిల్లవాడు రాసిన మొదటి సొంత వాక్యాలు అవే. మాస్టారు వాటిని దిద్దలేదు. ఒక స్పెల్లింగు తప్పు ఉంది, దాన్నీ అలాగే వదిలేశారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని సాయంత్రం శిబిరానికి అతనితో కలిసి వెళ్ళారు.

నేను అనువాదకురాలిని కావాలని అప్పుడు అనుకోలేదు. అలాంటి ఉద్యోగం ఒకటి ఉందని కూడా తెలియదు. పదేళ్ళ తర్వాత పరీక్ష రాసి ఆ ఉద్యోగంలో చేరాక, ఆ వరండా నాతో పాటే కోర్టుకు వచ్చింది.

కోర్టు సంగతులు రెండే చెబుతాను. మన భాషలో "అట" అనే చిన్న మాట ఉంది. వచ్చాడు అంటే నేను చూశాను అన్నట్టు. వచ్చాడట అంటే నాకెవరో చెప్పారు. సాక్షి తాను స్వయంగా చూసిందీ విన్నదీ చెప్పాలన్నది సాక్ష్య చట్టంలో మూలనియమం. 1872 నాటి చట్టం పోయి 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఆ నియమం అలాగే ఉంది. ఒక తెలుగు సాక్షి, పల్లెటూరి ముసలమ్మ అయినా సరే, తాను చూసినదేదో విన్నదేదో క్రియ చివరే తేల్చి చెప్పేస్తుంది. ఇంగ్లీషులో దానికి సమానమైన తోక లేదు. అలా విన్నాను అని వేరే వాక్యం కట్టాలి. తొందరలో ఉన్న అనువాదకుడు ఆ అటను వదిలేస్తే, విన్న మాట చూసిన మాట అయిపోతుంది. ఎవరి బతుకైనా ఆ ఒక్క అక్షరం మీద ఊగవచ్చు. డైరెక్టు స్పీచి, ఇన్‌డైరెక్టు స్పీచి పాఠం మీరు చెప్పేటప్పుడు పిల్లలకు విసుగు పుడుతుంది. కొటేషన్లు తీసేసి కాలం మార్చడంగా చెబితే పుట్టక మానదు. మా మాస్టారు ఆ పాఠాన్ని "ఎవరు చూశారు, ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు" అని మొదలుపెట్టారు.

రెండోది ఒక ఆస్తి తగాదా. అన్నయ్య చెల్లెలికి రాసిన పాత ఉత్తరం అనువాదానికి నా బల్ల మీదికి వచ్చింది. కొడుకులతో పాటు కూతుళ్ళకూ ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది కానీ, అంతకుముందే పెళ్ళయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. ఈమెకు అప్పటికే పెళ్ళయింది. అందుకని పొలం తండ్రి స్వార్జితమని, తనకూ వాటా ఉందని, అన్నగారు దాన్ని ఒప్పుకుంటూనే వచ్చారని ఆమె వాదన. ఆ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. "ఈ ఏడు మన పొలం కౌలుకిచ్చాను." ఇంగ్లీషులో "అవర్" అంటే సరిపోతుంది, ఎవరూ తప్పు పట్టరు. కానీ మా పొలం అని ఉన్నా అదే "అవర్", మన పొలం అని ఉన్నా అదే "అవర్". తిరునాళ్ళకు వెళ్ళే ఆట గుర్తొచ్చింది. ఆ అన్న తన చెల్లెలికి తలుపు తెరిచి మాట్లాడాడు. నేను అనువాదం రాసి, మూలంలో ఉన్న మాట ఉత్తరం అందుకునే మనిషిని కూడా కలుపుకునే మాట అని కింద ఒక వివరణ చేర్చాను. తీర్పు ఆ ఒక్క మాట మీద నిలబడలేదు, వేరే కాగితాలు కూడా ఉన్నాయి. అయినా వాదనల్లో ఆ వివరణ చదివి వినిపించారు. ఆ అన్నయ్య తల వంచుకుని కూర్చున్నారు. తాను ఒకప్పుడు మన అన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చి ఉంటుందని నేను నమ్ముతాను.

మళ్ళీ మొదటి పేజీకి వస్తాను. ఆ ప్రతిజ్ఞ ఎవరు రాశారని మేము అడిగినప్పుడు మాస్టారి దగ్గర జవాబు లేదు. పుస్తకంలో పేరు లేదు. ఇంత బాగా రాసినవాడికి పేరు లేకపోవడం ఆయనను బాధపెట్టింది, "ఈ పేజీలో ఎవరున్నారో నాకూ తెలియదర్రా" అన్నారు. చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలిసింది. రాసినాయన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఆయన ఊరు. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో రాశారు. మొదట తెలుగులోనే రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లో, ఎవరి భాషలో వాళ్ళు, చెప్పడం మొదలైంది. సుబ్బారావు గారు 1988లో కన్నుమూశారు. అంటే మా క్లాసులో ఆయన మాటలను విడదీసి చూసుకుని మురిసిపోతున్న ఆ రోజున ఆయన బతికే ఉన్నారు. ఒక పోస్టుకార్డు దూరంలో ఉన్నారు. మా అమ్మ తప్పిపోయిన సంగతి, అక్కచెల్లెళ్ళు వచ్చిన సంగతి ఆయనకు రాసి ఉండవలసింది. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

మీతో ఒక విషయం గట్టిగానే చెప్పాలి. పిల్లలకు ఇంగ్లీషు రావాలి. రాకపోతే ఏమవుతుందో శిబిరంలో చూశాను, కోర్టు మెట్ల మీద 31 ఏళ్ళు చూశాను. అయితే ఇంగ్లీషు గంటలో తెలుగు మాట్లాడితే జరిమానా, మెడలో పలక, ఇలాంటివి ఇంకా అక్కడక్కడా వింటున్నాను. అది పిల్లవాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క దీపాన్ని ఊది ఆర్పి, చీకట్లో కొత్త గది చూసి రమ్మనడం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు అచ్చు వేసిన పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. మా మాస్టారు రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టించి చేసిన పని ఇప్పుడు ప్రభుత్వమే ఒక్క పుస్తకంలో పెట్టి ఇచ్చింది. కానీ చాలాచోట్ల ఆ తెలుగు పేజీని అర్థం కోసం మాత్రమే వాడుతున్నారని, అర్థం తెలియగానే ఇంగ్లీషు పేజీని వదిలేస్తున్నారని, లేదంటే తెలుగు పేజీ తిప్పనివ్వడమే లేదని మీలో కొందరు భోజనాల దగ్గర నాతో చెప్పారు. రెండు పేజీల మధ్య ఉన్న ఆ మడత దగ్గర ఆగండి. ఈ పక్క ఉన్నవాళ్ళు ఆ పక్కకు వెళ్ళేసరికి ఎవరు తప్పిపోయారో, ఎవరు కొత్తగా వచ్చారో పిల్లలను వెతకమనండి. సిలబస్ పూర్తి చేయడానికి సమయం లేదంటారు, ఆ ఇబ్బంది నిజమే. వారానికి ఒక్క వాక్యం చాలు. మాకు ఆ ఏడాది ప్రతిజ్ఞలో ఉన్న కొద్ది వాక్యాలే సరిపోయాయి.

అందులో ఆఖరి వాక్యం నన్ను ఇంకా వదల్లేదు. "వారి శ్రేయోభివృద్ధులే నా ఆనందానికి మూలం." ఆ "లే"లో ఉన్న ఏత్వాన్ని చూడండి. ఇంగ్లీషులో దానికోసం "అలోన్" అనే మాట తెచ్చి, వాక్యం మొత్తాన్ని తలకిందులు చేసి, ఆనందాన్ని చిట్టచివరికి నెట్టారు. మనం ఒక్క ఏత్వంతో చేసే పనికి వాళ్ళు వాక్యాన్నే తిప్పవలసి వచ్చింది. అది ఎందుకు అలా తిప్పారో, ఇంకోలా చేయవచ్చునో మాస్టారు పదో తరగతి చివరి రోజు మమ్మల్ని అడిగారు. నేను చెప్పిన జవాబు ఆయనకు పూర్తిగా నచ్చలేదు. ఇంకా ఆలోచించు అన్నారు.

మీ అందరి ముందూ పుస్తకాలు ఉన్నాయి కదా. మొదటి పేజీ తెరవండి. ఆ కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి తెలుగులో చదువుతుంది, వెనక వరుసలోని మాస్టారు ఇంగ్లీషులో చదువుతారు. నేను బోర్డు దగ్గర నిలబడతాను. చివరి వాక్యం నుంచి మొదలుపెడదాం.